తెల్లరాళ్ళ విమానబాట

కోడళ్ళను వేధించే మామలు నానారకాలు. మా మామగారు జ్ఞానయ్యగారిది ఉప్పు జాడీ ఖాళీ చేసే రకం. ఇంట్లో ఎక్కడ గచ్చు చేయించినా, మేస్త్రీ అటు తిరగ్గానే బకెట్టు నీళ్ళలో రెండు దోసిళ్ళ కల్లుప్పు కలిపి చల్లేస్తారు. మర్నాడు పొద్దున్నే మడమతో తొక్కి చూస్తారు. జగ్గయ్యపేట రోడ్డు వేస్తున్నప్పుడు బస్సు ఆగిన ప్రతిచోటా దిగి తొక్కారు. చివరికి కండక్టరు ఆయన్ని నడిదారిలో వదిలేసి పోయాడు.

దీనికంతటికీ మూలం యుద్ధం. మిలట్రీలో చేరి, సింగపూరులో జపానువాళ్ళకు పట్టుబడి, ఇంకా ఎన్నో సముద్రాల అవతల రబౌలు అనే రేవు దగ్గర ఒక చిన్న దీవిలో రెండేళ్ళపాటు విమానాలు దిగే బాట వేశారాయన. సముద్రంలో దొరికే తెల్లరాయిని పగలగొట్టి, పరిచి, ఉప్పునీళ్ళు పోసి దిమ్మిస కొడితే సిమెంటులా బిగిసేదట. ఆయనతోపాటు మా నందిగామవాడే ఏసురత్నం కూడా పనిచేశాడు. జ్వరమొచ్చి అక్కడే పోయాడు. మామగారే పాతిపెట్టి వచ్చారు.

ఈ మాట నమ్మనివాళ్ళలో మొదటివాడు ఆయన కన్నకొడుకు, అంటే మా ఆయన వరప్రసాదరావు. స్కూల్లో భూగోళం చెబుతారు. "సముద్రపు నీళ్ళతో రోడ్డా? అసలు ఆ దీవి మా అట్లాసులోనే లేదు. ఏసురత్నం సింగపూర్లో ఇంకో కాపురం పెట్టుంటాడు. నాన్న వాడి పరువు కాస్తున్నాడంతే" అన్నారట, నలభైయారులో, నలుగురిలో. మాస్టారే అన్నాక ఊరు కాదంటుందా?

దాంతో ఏసురత్నం భార్య ఆరోగ్యమ్మ ఇటు పెళ్ళామూ కాక, అటు విధవా కాక ఉండిపోయింది. నవంబరులో సమాధుల పండక్కి అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసుకుంటారు. తనకంటూ ఒక సమాధి లేదు కనక ఆవిడ ఊళ్ళోవాళ్ళ సమాధులకు కూలికి వేసేది. ఆ రోజు చర్చిలో చదివే పేర్లలో ఏసురత్నం పేరు ఉండదు. ఆ పేర్ల జాబితా రాసేదీ మా ఆయనే.

యాభై ఏడులో పండగ ముందు మామగారు అన్నం దగ్గర మళ్ళీ అడిగారు.

"ఈ ఏడన్నా వాడి పేరు రాయరా."

"కాయితం చూపించు నాన్నా, రాస్తా."

"పాతిపెట్టిన చేతులు చూపిస్తన్నాగా!"

మామగారు సగం అన్నంలో లేచిపోయారు. నా వంకాయ కూర వల్ల మాత్రం కాదని నా నమ్మకం.

నేను బి.ఏ. చదివింది చుట్టాలకు కుశలం రాయడానికేనని మా ఆయన అభిప్రాయం. సరే, ఇంకో కుశలం రాశాను, ఇంగ్లీషులో, రబౌలు మిషన్ ఫాదరుగారికి. మాస్టారు అడిగితే ఉన్న విలువ మాస్టారి భార్య అడిగితే ఉండదు కనక, కింద మా ఆయన సంతకం చేశాను. పరీక్షల రోజుల్లో పిల్లల మార్కుల కార్డుల మీద ఆ సంతకం పెట్టీ పెట్టీ, ఆయనకంటే నాకే బాగా కుదురుతుంది. నందిగామ పోస్టుమాన్ అడ్రసులు పైకి చదివే మనిషి. అందుకని జగ్గయ్యపేటలో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు పోస్టు చేశాను.

జవాబు రావడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటికి మళ్ళీ పండక్కి రెండు రోజులుంది.

"ఏమేవ్! ఎవరో ఫాదరు నాకు ఉత్తరం రాశాడేంటి? మీరడిగిన సంగతులూ అంటున్నాడు. నేనేం అడిగా?"

"చదివితే తెలుస్తుందిగా" అన్నాను, చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ.

చదివారు, తెలుగు చేసుకుంటూ, పైకి. "యుద్ధం కాగానే ఆ విమానబాటను వదిలేసి పోయారు. అడవి రెండు పక్కలా కమ్ముకొస్తున్నా నడుమ ఇంకా తెల్లగా, గట్టిగా ఉంది. ఉప్పునీళ్ళు పోసి దిమ్మిస కొట్టారట. విరిగి పడిన విమానం రెక్క మీద ఆడవాళ్ళు కొబ్బరి ఎండబెట్టుకుంటారు. సముద్రం వైపు చివర ఒక సమాధి ఉంది. విమానం రేకుతో చేసిన సిలువ మీద మేకుతో పొడిచిన అక్షరాలు మాకెవరికీ రావు. ఉన్నవి ఉన్నట్టు గీసి పంపుతున్నాను. ఎవరిదో తెలియకపోయినా ఇక్కడి ఆడవాళ్ళు ఏటా దాని మీద కొత్త తెల్లరాయి పోస్తారు."

అడుగున, రానివాడు బొమ్మలా గీసిన తెలుగు: ఏసురత్నం, నందిగామ.

మా ఆయన ఆ రెండు మాటల కింద వేలు పెట్టి మళ్ళీ చదివారు. గుమ్మంలో నిలబడి వింటున్న మామగారు మాత్రం నన్ను అడిగారు. "ఇంకా తెల్లగానే ఉందంటనా అమ్మాయ్?"

"ఉందంటండి మామయ్యగారూ."

"ఉంటది. దిమ్మిస మేం కొట్టాం."

మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ఉత్తరం పట్టుకుని బయల్దేరారు. వెనకాల మేమిద్దరం. శ్మశానంలో ఆరోగ్యమ్మ మా అత్తగారి సమాధికే సున్నం వేస్తోంది. చుట్టుపక్కల సమాధుల దగ్గర మా పేట జనమంతా ఉన్నారు.

"ఏం బాబూ, సున్నం పల్చనైందా?"

ఆయన ఉత్తరం మొత్తం మళ్ళీ చదివారు. ఆవిడ చేతిలో కుంచె అలాగే ఉంది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఏటా పోస్తారంటనా, ఆ తల్లులు?"

"పోస్తారంట."

ఆవిడ మెల్లగా నేల మీద కూర్చుంది. చుట్టూ జనం చేరారు. మా ఆయన వాళ్ళ నాన్న వైపు చూసి, తర్వాత ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నారు.

"సింగపూరు కాపురం మాట నేను పుట్టించిందే అత్తా. నాన్న చెప్పిందే నిజం. తప్పు నాది."