గోరంత వదలాలి

పొద్దున్నే షట్టరు పైకెత్తి, కంప్యూటరు మీద కప్పిన గుడ్డ తీసి దులిపి, కుర్చీలో కూర్చోగానే అక్కచెల్లెళ్ళిద్దరిలో పెద్దది చేసే మొదటి పని తోకలు కోయడం.

సాయంత్రం దుకాణం మూసేటప్పుడు పది సెకన్లున్న వీడియో ముక్క తెల్లారేసరికి పద్నాలుగు సెకన్లయి కూర్చుంటుంది. గోళ్ళు పెరగవూ? జుట్టు పెరగదూ? ఇదీ అంతే. ఎవరూ తీయని ఆ నాలుగు సెకన్లని ఆ వీధిలో అందరూ తోక అనే అంటారు. ఒక పెద్దాయన కెమెరా వైపు చూసి నవ్వి ఆగిపోయిన ముక్క ఉందనుకోండి. తెల్లారేసరికి దానికి ఆయన కళ్ళజోడు తుడుచుకోవడమో, దగ్గడమో, తలుపు గడియ వేసుకోవడమో మొలిచి ఉంటుంది. ఆ మనిషికి ముందు ముందు ఉన్నదాంట్లోంచి ఒక పిసరు. మనిషికి ఉన్నది మనిషి బొమ్మకి మాత్రం ఉండదా! వీడియోలు ఇచ్చేవాళ్ళు కూడా, "తోకలు శుభ్రంగా కోసివ్వమ్మా, పోయినసారి మా బావగారి గురక ఊరంతా వింది" అని చెప్పి మరీ ఇచ్చి వెళ్ళేవారు.

పెద్దది స్లైడ్‌షోలు చేసేది. పుట్టినరోజులకీ, పదవీ విరమణలకీ, పోయినవాళ్ళ సంస్మరణ సభలకీ. పాత ఫోటోలు వరసగా పేర్చి, వెనక సంగీతం పెట్టి, మధ్య మధ్య కదిలే ముక్కలు వెయ్యాలి. ఆ సాఫ్ట్‌వేరు ఫోటోలైతే ఎన్నయినా మింగుతుంది గానీ వీడియో దగ్గర కొత్త అల్లుడి అలకలు పోతుంది. దానిలో కత్తెర లేదు. బయట వేరేచోట కత్తిరించి, నిలువుగా తీసినదాన్ని అడ్డంగా సరిచేసి, గాలి హోరు తగ్గించి, పది సెకన్లకి మించకుండా చేతికిస్తేనే పుచ్చుకుంటుంది. వెంట్రుకవాసి ఎక్కువైనా ఎర్రగీత చూపించి మూతి ముడుస్తుంది.

ఆ దుకాణం మేస్త్రిగారిది. ఆయనకిప్పుడు చెయ్యి వణుకుతోంది కాబట్టి ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ కూర్చుంటాడు. పెద్దదానికి పని నేర్పిన రోజున ఆయన రెండే మాటలు చెప్పాడు.

"తోకలోకి తొంగిచూడకు. మొదలంటా కోయకు. తొమ్మిదిన్నర సెకన్లు బొమ్మ, అర సెకను తోక. ఆ గోరంత పక్క ఫోటోలోకి కరిగిపోయేచోట దాక్కుంటుంది, ఎవరికీ కనపడదు. గోరంత వదిలితే మళ్ళీ మొలుస్తుంది."

"వదలకపోతే?"

"వదులు," అన్నాడు మేస్త్రి. పదకొండేళ్ళుగా పెద్దది వదులుతూనే ఉంది.

ఆ ఆదివారం వాళ్ళమ్మకి డెబ్బై నిండుతాయి. అమ్మా పెద్దదీ ఒక ఇంట్లో ఉంటారు. చిన్నది రెండు వీధుల అవతల అద్దెగదిలో ఉంటుంది. చిన్నది దుకాణాలకి బోర్డులు రాస్తుంది. అక్క కత్తెరా చెల్లి కుంచే కలిసి అమ్మ పుట్టినరోజుకి స్లైడ్‌షో చేద్దామనుకున్నాయి గానీ, చుట్టాలందరి ముక్కలూ వచ్చినా చిన్నదానిది రాలేదు. నాలుగుసార్లు ఫోను చేశాక మంగళవారం పంపింది. ముందురోజు నిచ్చెన ఇరవయ్యో మెట్టు మీద నిలబడి, కింద ఉన్న తోటి పెయింటరు చేత తీయించుకుంది.

"అమ్మా! నువ్వు డెబ్బై ఎక్కేశావు, నేనింకా ఇరవయ్యో మెట్టు మీదే వేలాడుతున్నా! ఉండు, దిగుతున్నా!" అంటూ ఎడమకాలు పైకెత్తింది.

పంపగానే ఫోను కూడా చేసింది. "నా మాట మీద నీ కత్తెర పడకూడదక్కా. మొత్తం ఉండాలి."

"మొత్తం పెడితే సాఫ్ట్‌వేరు ఏడుస్తుందే."

"దాని ఏడుపు ఎక్కువా, నా మాట ఎక్కువా? 'దిగుతున్నా' అన్నది వినపడకపోతే అమ్మ నన్ను నిచ్చెన మీదే వదిలేశావనుకుంటుంది."

పెద్దది నవ్వి, సరేనంది. మాట తొమ్మిదిన్నరకి అవలేదు. "దిగుతున్నా" అనేసరికి సరిగ్గా పది, ఆ పైనదంతా తెల్లారి మొలిచిన తోక. అప్పటికే బయట ఎవరో నలుగురు వేచి ఉన్నారు. ఆ తొందరలో, చెల్లి మాట పోకూడదన్న మురిపెంలో, పదో సెకను మీద కత్తెర వేసి, పాత ముక్క మీదే భద్రం చేసేసింది. గోరంత వదల్లేదు. ఆ సంగతి అప్పుడు తోచలేదు కూడా.

బుధవారం పొద్దున చూసుకుంటే మామయ్య ముక్కకి మూడు సెకన్ల తోక. పక్కింటి పంతులమ్మగారికి ఆరు. అమ్మ ముక్క, అదే కుట్టుమిషను ముందు కూర్చుని "చాల్లే, ఆపు" అంటూ చెయ్యెత్తేది, దానికి ఏకంగా ఇరవై. చిన్నదానికి లేదు. పది సెకన్లు పది సెకన్లుగానే ఉంది. ఆఖర్న ఎత్తిన కాలు గాలిలో అలాగే ఉండిపోయింది.

పెద్దది వెంటనే చెల్లికి ఫోను చేసింది. "నీ దగ్గర అసలుది ఉందా?"

"ఫోను నిండిపోయిందని పంపగానే చెరిపేశా. ఏం, బాలేదా? సాయంత్రం రంగులు కొనుక్కుని నేనే అటు..."

"అటు?"

"ఏంటి అటు?"

"నువ్వే కదే అన్నావు."

"అన్నానా? ఏమోనే, పొద్దుట్నించీ మాట నోట్లోనే ఆగిపోతోంది. టీ కూడా సగమే తాగాను. ఆ సగం ఏమైందో..."

మళ్ళీ ఆగిపోయింది. ఇంకో ముక్క తీసి పంపమంటే పంపింది. గురువారం దాకా ఎదురుచూసినా దానికీ మొలవలేదు. గురువారం దుకాణానికి వస్తూ పెద్దది వీధి మలుపులో చెల్లి కొత్తగా రాసిన బోర్డు చూసింది. నిన్న రాసిన నీలిరంగు, ఇంకా తడి వాసన. 'మందుల దుకా' అని ఉంది. ఆ పైన ఖాళీ.

ముందు గదిలో మేస్త్రికి ముక్క చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని గాలిలో ఉన్న ఆ కాలిని చాలాసేపు చూశాడు.

"ఎవరిదమ్మాయ్?"

"మా చిన్నదానిది."

"నేనూ కోశాను ఒకసారి. సంగీతం టీచరుది. గోరంత చోటు సరిపోలేదని." ఆయన పాస్‌పోర్టు ఫోటోల కట్ట పక్కకి జరిపాడు. "నాలుగు రోజులు పాట సగం సగం పాడింది. అయిదో రోజు..."

"మేస్త్రిగారూ, దాన్ని నిచ్చెన ఎక్కనివ్వను. గదిలో పెట్టి తాళం వేస్తాను."

"ఆ టీచరు మంచం కూడా దిగలేదమ్మా. మంచం మీదే." ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఉన్నది అయిపోతే ఎక్కడున్నా ఒకటే. అతుకు వెయ్యొచ్చేమో. నాకప్పుడు తోచలేదు. వేసినవాళ్ళని నేను చూడలేదు."

మంగళవారం నుంచి లెక్కేస్తే అయిదో రోజు శనివారం. శనివారం చిన్నది నాలుగంతస్తుల బట్టల దుకాణానికి బోర్డు రాయాలి.

మధ్యాహ్నం పెద్దది ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మిషను మీద దిండు గలీబు కుడుతోంది. సంగతి విని, పెడలు ఆపకుండానే మొదట తిట్టింది.

"కుట్టుకి గుడ్డ వదలకుండా కత్తిరించావా! నలభై ఏళ్ళు ఊరందరి బట్టలూ కుట్టినదాని కడుపున పుట్టి?"

తర్వాత పెడలు ఆగింది. అమ్మ సూదిలోంచి దారం తీసి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ తీసింది.

"చిరిగితే అతుకు వేస్తారు గానీ, ఏడుస్తూ కూర్చుంటారా?"

"నా వీడియో తీసి, నా తోక కోసి దానికి అతుకుతానమ్మా."

"నీదా? నీది కొత్త గుడ్డ. అతుక్కి ఎప్పుడూ ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డే వెయ్యాలి. కొత్తదైతే ఒక్క ఉతుక్కి ముడుచుకుని, ఉన్నదాన్ని కూడా లాగి చింపుతుంది." అమ్మ నవ్వింది. "నాకంటే ఉతికిన గుడ్డ ఈ ఇంట్లో ఏముందే?"

"వద్దమ్మా."

"నా తోక ఎంతుంది?"

పెద్దది కింద పడ్డ గుడ్డ ముక్కలు ఏరసాగింది.

"అడుగుతుంటే!"

"నిన్నటికి ఇరవై. ఇవాళ ఇరవై అయిదు."

"ముసలిదానికి మూరెడు తోక! ఏం చేసుకోను, నడుముకి చుట్టుకోనా?"

"పోనీ కాస్తే కోస్తాను. నీకు గోరంత వదిలేస్తాను."

"దానికి వేరు లేదన్నావు. వేరు లేనిదానికి వేరు లేనిది అతికితే ఏం నిలుస్తుంది? మొదలంటా తియ్యి." పెడలు మళ్ళీ కదిలింది. "దానికి మటుకు చెప్పకు. చెబితే నిచ్చెన మీద ఏడుస్తుంది, రంగంతా కారిపోతుంది."

అమ్మ గలీబు మూల మడిచి కుట్టింది. దారం పంటితో కొరికి అమ్మ అంది, "పాత గుడ్డ అయిదు రోజులు ఆగదులే. ఆదివారం నా ముక్క ఆఖర్న పెట్టు. ఆఖరి బొమ్మ గోడ మీద నిలిచి ఉంటుందని చెప్పావు కదూ?"

"మీట నొక్కేదాకా ఉంటుంది."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

"అయితే తొందరపడి నొక్కకు."

శుక్రవారం పెద్దది మొదటిసారి తోకలోకి తొంగిచూసింది. చూడకుండా అతుకు వేయడం కుదరదు కదా. తోకలో అమ్మ మోకాలి మీద చెయ్యేసి, "అబ్బా" అంటూ మిషను ముందు నుంచి లేచింది. పెరటి తలుపు దాకా నడిచింది. అక్కడ మూడు మెట్లున్నాయి. అమ్మ ఎప్పుడూ దిగినట్టే, పక్కకి తిరిగి, ముందు ఎడమకాలు ఎత్తింది. వెలిసిపోయిన చెప్పు గాలిలోంచి దిగి మెట్టు మీద ఆనింది.

పెద్దది ముందు అమ్మ తోకని వేరుతో సహా లేపి ఒక పక్కన పెట్టుకుంది. తర్వాత చిన్నదాని ముక్కలో వెనక నుంచి జరుపుకుంటూ వచ్చి, ఎత్తిన కాలు దగ్గర ఆపింది. ఆ కాలి కింద ఈ కాలు పెట్టింది. ఒకదాంట్లోకి ఒకటి కరిగేలా చేసింది. నిచ్చెన మీద ఎత్తిన కాలు పెరటి మెట్టు మీద దిగింది. పది సెకన్లు దాటింది గనక స్లైడ్‌షోకి దాన్ని రెండు ముక్కలుగా నకలు తీసి పక్కపక్కన పెట్టింది. పాతవాటి మీదే భద్రం చేయమంటావా అని కంప్యూటరు అడిగింది. అడగకపోతే బాగుండేది. పెద్దది అవునని నొక్కింది.

అమ్మ ముక్కలో ఇంక తొమ్మిదిన్నర సెకన్లే మిగిలాయి.

శనివారం పెద్దది దుకాణానికి వెళ్ళలేదు. నాలుగంతస్తుల భవనానికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పైన చిన్నది పిట్టంత కనపడుతోంది. కింద అక్కని చూసి కుంచె ఊపింది. 'దుకా' దాకా రాసి ఆగింది. పెద్దది రోడ్డు మీదికి ఒక అడుగు వేసింది. చిన్నది తల గోక్కుని, ఇంకొంచెం వంగి, ఆఖరి అక్షరం కూడా రాసింది. సున్నా గుండ్రంగా చుట్టి, మురిపెంగా చూసుకుని, డబ్బా మోచేతికి తగిలించుకుని దిగడానికి ఎడమకాలు ఎత్తింది.

కింద మెట్టు లేదు. ఎప్పుడు ఊడిందో, దాని చోట రెండు మేకులే ఉన్నాయి. కాలు గాలిలో వెతుక్కుంది. రంగు డబ్బా జారి, రోడ్డు మీద పడి ఎర్రగా చిమ్మింది. ఎవరో అరిచారు. పెద్దది నిచ్చెన వైపు పరుగెత్తింది.

అప్పుడు చిన్నది పక్కకి తిరిగింది. ఒక చెయ్యి నిచ్చెనకీ, ఒక చెయ్యి మోకాలికీ వేసి, డెబ్బై ఏళ్ళ మనిషిలా, తీరిగ్గా, ఎడమకాలు ఇంకా దిగువ మెట్టు మీద ఆనించింది. నాలుగంతస్తులూ అలాగే దిగింది.

"ఏంటక్కా అలా చూస్తావు? మెట్టు ఊడిపోయిందే! ఏదో ముసలమ్మలా పక్కకి తిరిగాను గానీ, లేకపోతే ఈపాటికి ఆ డబ్బా పడ్డచోటే నేనూ పడుండేదాన్ని."

మాట చివరిదాకా పూర్తి చేసింది. ఎన్ని రోజులకో. పెద్దది ఆమెని పట్టుకుని ఏడ్చింది. "బోర్డు బాగుందని ఏడుస్తున్నావా?" అని చిన్నది వెక్కిరించింది.

ఆదివారం నాలుగింటికి వాళ్ళింట్లో ముందు గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. మామయ్య, పక్కింటి పంతులమ్మగారు, మేస్త్రి, ఇంకో పదిమంది వచ్చారు. అమ్మ కొత్త చీర కట్టుకుని, గోడకి ఎదురుగా వాలుకుర్చీలో కూర్చుంది. ఒళ్ళో గురువారం కుట్టిన గలీబు తొడిగిన దిండు.

"సినిమాకి దిండు కూడా తెచ్చుకున్నావా అమ్మా?" అంది చిన్నది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

ఫోటోలు మొదలయ్యాయి. అమ్మ రెండు జడల బొమ్మ. అమ్మ మొదటి మిషను. అమ్మ చంకలో చిన్నది, కొంగు పట్టుకుని పెద్దది. నిచ్చెన మీద చిన్నది "దిగుతున్నా!" అంది, కాలెత్తింది, మెట్టు మీద పెట్టింది. చప్పట్లు కొట్టారు. అతుకు ఎవరికీ కనపడలేదు. మేస్త్రి మాత్రం తల వంచుకున్నాడు. అమ్మ ముందుకి వంగి అతుకుని తేరిపార చూసింది.

"కుట్టు బాగా పడింది," అని పెద్దదాని చెయ్యి నొక్కింది.

ఆఖర్న అమ్మ ముక్క. గోడ మీద అమ్మ మిషను ముందు కూర్చుంది, సూదిలో దారం ఎక్కించింది, తలెత్తింది, కళ్ళు చికిలించింది. "చాల్లే, ఆపు" అంటూ చెయ్యెత్తింది. తొమ్మిదిన్నర సెకన్లు. బొమ్మ అక్కడ నిలిచిపోయింది.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మామయ్య కిటికీ దుప్పటి విప్పబోతూ, "ఆపమ్మా ఇంక, దీపం వెయ్యి" అన్నాడు. పెద్దది కదల్లేదు. వేలు మీట మీద నుంచి తీసి, చెయ్యి కొంగులో చుట్టుకుంది.

చిన్నది వాలుకుర్చీ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఆపవే అక్కా. అమ్మకి నిద్ర పట్టినట్టుంది. వెలుగు కళ్ళలో పడుతోంది."

"ఉండనీ. కాసేపు ఉండనీ."

చిన్నది మోకాలి మీద చెయ్యేసి, "అబ్బా" అంటూ లేచింది. అమ్మకి కప్పడానికి పెరట్లో ఆరేసిన శాలువా తేవాలని, పక్కకి తిరిగి, ముందు ఎడమకాలితో, మూడు మెట్లూ దిగి వెళ్ళింది.

గోడ మీద అమ్మ చెయ్యెత్తి ఆపమంటూనే ఉంది. పెద్దది ఆపలేదు.