మాయను చూసినవారు

డాక్టర్ ఉషారాణి లాగ్‌బుక్‌లో ముప్పై ఒకటో కాన్పు దగ్గర అన్ని గడులూ నిండే ఉన్నాయి. అలాంటి పేజీని చూసి భయపడే మనిషి ఉంటుందంటే ఎవరూ నమ్మరు. ఉషారాణి మాత్రం తొమ్మిది నెలలుగా ఆ పేజీ కంట పడకుండా రెండాకులు కలిపి తిప్పేస్తోంది.

ఆమెది చండ్రుగొండ దగ్గరి తండా. ప్రసూతి విభాగంలో పీజీ మూడో ఏడు. అడవి అంచునున్న ఒక దవాఖానాలో పని నేర్చుకుంటోంది. ఈ కాలపు చదువులో పరీక్ష రాసి పాసైతే చాలదు. చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్‌లో ఎక్కించాలి. పక్కన నిలబడి చూసిందా, పెద్దవాళ్ళు దగ్గరుంటే చేసిందా, తనంతట తాను చేయగలదా అని మెట్టు రాయాలి. చివర ‘చూసినవారు’ అని ఒక గడి. దగ్గరుండి చూసిన పెద్ద డాక్టరు అక్కడ సంతకం పెట్టాలి.

కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! నిజానికి పెద్ద మేడం నెలాఖరున టీ తాగుతూ ముప్పై సంతకాలు ఒక్క ఊపులో గిలికేస్తుంది. ఆమెనూ ఏమీ అనలేం, నలుగురి పని ఒక్కతే ఈడుస్తోంది. కానీ చూడనిదాన్ని చూశానని రాసే అలవాటు అంటురోగం లాంటిది. పైనున్నవాళ్ళ నుంచి కిందివాళ్ళకు తగులుకుంటుంది.

ముప్పై ఒకటోది రూప్లి కాన్పు. బూర్గంపాడు అవతలి తండా కోడలు, ఇరవై రెండేళ్ళది, తొలిచూలు. మధ్యాహ్నం మూడున్నరకు ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. పది నిమిషాలకు బొడ్డుతాడు వెంట మాయ కూడా పడింది. ఇక మిగిలింది ఒక్కటే పని. మాయను పళ్ళెంలో పరిచి ఎక్కడా ముక్క తగ్గలేదని చూసుకోవాలి. చిన్న తునక కడుపులో ఉండిపోయినా నాలుగు రోజులు పోయాక నెత్తురు ఆగకుండా పోవచ్చు. చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

అప్పుడే తలుపు సందులోంచి రూప్లి అత్త సైదమ్మ తొంగి చూసింది. తండా మాటా తెలుగూ కలిపి బతిమాలింది.

“బిడ్డా, మాయను ఇయ్యి. పొద్దుగూకకముందే మా దొడ్లె పూడ్వాలె. పొద్దుగూకితే తల్లికి మంచిది గాదు. ఆటో ఆగి ఉన్నది, జల్దీ ఇయ్యి.”

ఇంకెవరైనా అయితే బయటికి నడవమని కసిరేవారు. ఉషారాణి కసరలేకపోయింది. తను పుట్టినప్పటి మాయను కూడా వాళ్ళ నాయనమ్మ అలాగే పొద్దు ఉండగానే పూడ్చిందని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నదో. పైగా అప్పటిదాకా ఆ గదిలో ఆమెతో తండా మాట మాట్లాడినవాళ్ళే లేరు. మనసు కరిగిపోయింది. మాయను కవర్లో చుట్టి సైదమ్మ చేతికిచ్చింది. తరవాత లాగ్‌బుక్ తెరిచి, ‘మాయ పూర్తిగా ఉన్నది’ అన్న గడిలో టిక్కు పెట్టింది. అప్పుడు చెయ్యి ఏమాత్రం వణకలేదు. ఇప్పుడు ఆమెకు అన్నిటికన్నా భయం వేసేది అందుకే.

ఆరో రోజున రూప్లికి ఇంట్లో నెత్తురు పోవడం మొదలైంది. అంబులెన్స్ వాగు దాటేలోపే ప్రాణం పోయింది. విచారణ కమిటీ కాగితాలు తిరగేసింది. టిక్కు ఉంది, సంతకం ఉంది. కనుక ‘ఇంటివాళ్ళ ఆలస్యం’ అని రాసి ఫైలు మూసింది. విచారణ గదిలో గోడ పక్కన నిలబడి ఉషారాణి అంతా వింది. ఫైలు మూశాక వార్డుకు తిరిగి వెళ్ళింది.

అసలు మాయలో ముక్క తగ్గిందో లేదో ఆమెకు తెలియదు. చూస్తే కదా తెలిసేది! ఆ తెలియకపోవడమే ఆమెను పీక్కు తింటోంది. చచ్చిపోయినవాళ్ళు దయ్యాలై వస్తారంటారు. రూప్లి రాలేదు, వస్తే ఉషారాణే ఆమె కాళ్ళ మీద పడి ఉండేది. వచ్చేది ఆ కవరు చప్పుడు. పళ్ళెంలో మాయ పరిచినప్పుడల్లా వెనకాల కవరు గరగరమంటుంది, “జల్దీ ఇయ్యి” అన్నట్టు వినిపిస్తుంది. తిరిగి చూస్తే మూసిన తలుపే ఉంటుంది. మళ్ళీ పళ్ళెం వైపు చూస్తే ఎక్కడో ఒక ముక్క లేనట్టే ఉంటుంది. మళ్ళీ మొదటినుంచి చూస్తుంది.

“ఏంది మేడం, మాయకు ఇంకోపారి హాజరు తీసుకుంటరా?” అని నర్సు ప్రమీల నవ్వుతుంది. ఉషారాణీ నవ్వుతుంది. ఏం చేస్తుంది మరి.

ఆ మంగళవారం ఆమెకు ఆఖరి మదింపు. పై ఊరి నుంచి వెంకటనారాయణ గారనే పరీక్షాధికారి వచ్చి, పొద్దున ఆమె చేసిన కాన్పు మొదటినుంచి చివరిదాకా పక్కన నిలబడి చూశాడు. మాయను ఆమె మూడుసార్లు తిప్పి తిప్పి చూస్తుంటే ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

“పాతికేళ్ళ సర్వీసమ్మా నాది. మాయను ఇంత శ్రద్ధగా చూసిన పీజీని చూళ్ళేదు. ఎవరు నేర్పారు?”

ఉషారాణి పళ్ళెం కడగడానికి తిరిగింది.

“సరే, మూడింటికి లాగ్‌బుక్ పట్టుకురా. ‘తనంతట తాను చేయగలదు’ అని సంతకం పెట్టేస్తాను.”

ఆ సంతకం పడితే రేపటినుంచి ఆమెను దగ్గరుండి చూసేవాళ్ళు ఉండరు. జూనియర్ల పుస్తకాల్లో ‘చూసినవారు’ గడి ఆమెదే. అదే తలుచుకుంటూ వరండాలోకి వచ్చేసరికి బెంచీ మీద సైదమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో రూప్లి కూతురు. తొమ్మిది నెలల సూది వేయించడానికి తెచ్చింది.

“నీ కోసమే కూసున్న బిడ్డా. ఒక్క మాట అడగాలె.”

“అడుగు అవ్వా.”

“గా దినం ఆటో దారిల ఆగిపోయింది. ఇల్లు చేరేవరకు పొద్దుగూకింది. చీకట్ల పూడ్చిన. గందుకేనా నా కోడలు పోయింది? ఊరోళ్ళు నా మొకం మీదనే అంటుండ్రు. దవాఖానా కాయితంల గూడ మాదే తప్పని రాసిండ్రంట గద?”

ఉషారాణి ఆమె పక్కన కూర్చుంది.

“కాదు అవ్వా. నీ తప్పు లేదు.”

“మరి ఎవలది?”

నీ తప్పు లేదన్న మాటతోనే లేచి వెళ్ళిపోవచ్చు. ఫైలు మూసి ఉంది, మూడింటికి సంతకం ఉంది. ఉషారాణి లేవలేదు.

“నాది. మాయల అన్ని ముక్కలు ఉన్నయా లేవా అని చూసినంకనే ఇయ్యాలె. నువ్వు అడిగినవని చూడకుంటనే ఇచ్చిన. చూసినట్టు రాసిన.”

సైదమ్మ పిల్ల తల నిమిరింది. తిట్టలేదు, ఏడవలేదు.

“కడిగి పూడ్వాలె గద. దీపం పెట్టుకొని కడిగిన,” అంది. బొటనవేలు చూపించింది. “ఒక దిక్కు గింత తెగి ఉండె. నలబై కాన్పులు చేసిన చెయ్యి నాది. గుండె ఝల్లుమన్నది.”

“మరి... మర్లి రాలేదేంది అవ్వా?”

“డాక్టరమ్మ చూసే ఇచ్చిందనుకున్న. సదువుకున్నదానివి, మన తండాలోళ్ళ పిల్లవు. నాకు తెల్సింది నీకు తెల్వదా అనుకున్న.”

మూడింటికి ఉషారాణి లాగ్‌బుక్‌ను వెంకటనారాయణ గారి ముందు పెట్టింది. ఈసారి రెండాకులు కలిపి తిప్పలేదు. ముప్పై ఒకటో పేజీలో టిక్కు కొట్టేసింది. ‘చూసినవారు’ గడిలో మేడం సంతకం మీద గీత గీసి, పక్కన ‘సైదమ్మ’ అని రాసింది.

“ఏంటమ్మా ఇది?”

“ఎవరు నేర్పారని అడిగారు కదా సార్.”

జరిగిందంతా చెప్పింది. ఆయన విని, తెరిచిన పెన్నుకు మళ్ళీ మూత పెట్టాడు.

“నీ సంతకం ఆగిపోతుంది. కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. ఏమవుతుందో నేను చెప్పలేను.”

“తెలుసు సార్. ముందు ‘ఇంటివాళ్ళ ఆలస్యం’ అన్న మాట కొట్టేయించండి. సైదమ్మ బయటే కూర్చుంది. పొద్దుగూకకముందు ఇంటికి పోవాలి, జల్దీ పిలవండి.”