అహోబిలం మొక్కు

తిరుపాలు కింద కూర్చొని ఉంటే, వెనక పీట మీద నుంచి తల్లి నరసమ్మ అతని జుట్టు చిక్కు తీస్తూ ఉంది. నంద్యాలలో తెల్లవారితే ఆ ఇంట్లో మొదటి పని అదే. జుట్టు నడుము దాటింది. దువ్వెన పడినప్పుడల్లా మెడ నరాలు జివ్వుమంటున్నా, ముప్పైకి దగ్గరపడిన మనిషి కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

"ఈతూరన్నా తీయిద్దామా మా? ఆళ్లగడ్డకు పోతాండాం గదా. అహోబిలం ఆడికి దగ్గరే."

"సామి కలలో వచ్చి పిలవాల. అంతవరకు నువ్వు కత్తెర ముట్టినావంటే నేను రగతం కక్కోని చస్తా, సూసుకో."

అవి పుట్టెంట్రుకలట. నరసింహస్వామికి మొక్కిందట. ఆ స్వామికేమో కలలోకి రావడానికి ఇన్నేళ్లుగా తీరిక దొరకలేదు! తండ్రి పోయినప్పటి నుంచి ఆ జుట్టే ఇద్దరికీ అన్నం పెడుతోంది. నాటక సమాజంలో ఆడవేషం తిరుపాలుదే. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు జడ చూసి నవ్వుకుంటూ పోయారు. మీసమంటే అతనికి ప్రాణం. ఎవరూ లేనప్పుడు పెదవి మీద మసి గీసుకొని అద్దంలో చూసుకునేవాడు. అమ్మ చచ్చిపోతుందని భయపడి కత్తెర మాత్రం ముట్టలేదు.

కర్నూలు రాజధానియై రెండేళ్లు. ఆ ఏడు వాళ్లు ఆడుతున్న నాటకంలో తల్లి కూతురిని గదిలో పెట్టి తాళం వేస్తుంది, తాళంచెవి కొంగున కట్టుకుంటుంది. కిటికీ కమ్ముల వెనక తిరుపాలు పాడుతుంటే ఆడవాళ్లంతా ఏడ్చేవాళ్లు. తెర పక్కన కూర్చున్న నరసమ్మ కూడా ముక్కు చీదుతూ, "ఇదేం తల్లమ్మా, దీని చేతులిరగ!" అని శాపనార్థాలు పెట్టేది.

ఆళ్లగడ్డలో మధ్యాహ్నం ఆమె పూలకు వెళ్లిన వేళ ఒక ముసలాయన డేరాలోకి వచ్చాడు. పొలం తగువుతో ఆమె ఏనాడో మాటలు మానేసిన అన్న, చెన్నకేశవులు.

"ఏమప్పా అల్లుడా, ఈ జుట్టేంది?"

"పుట్టెంట్రుకలు మామా. మొక్కుంది."

చెన్నకేశవులు పగలబడి నవ్వాడు. "మూడో ఏట అహోబిలంలో నా తొడ మీదనే గదరా తీయించింది! నా పంచె తడిపినావు. మీయమ్మే పొంగలి పెట్టింది."

అల్లుడి ముఖం చూసి ఆయన నవ్వు ఆపేశాడు.

సాయంత్రం నరసమ్మ జడ వేస్తుంటే తిరుపాలు మెల్లగా అడిగాడు. "మా, నాకు పుట్టెంట్రుకలు ఎప్పుడన్నా తీసినారా?"

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"తీయల్యా నాయనా. సామి సాచ్చి."

ఛీ, దేవుణ్ణి కూడా లాగింది! తిరుపాలుకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్లూ తను కాపాడింది అమ్మ ప్రాణం కాదు, అమ్మ చెప్పిన అబద్ధం. ఆమె జడకు కుచ్చులు కట్టి, కనకాంబరాలు తురిమి, మెటికలు విరిచి దిష్టి తీసింది. అతను లేచి వేషం వేసుకున్నాడు.

నాటకం ఎప్పటిలాగే నడిచింది. చివర తల్లి వేషం కట్టిన సుబ్బయ్య తాళం తీస్తే, లోపల మంచం మీద కూతురు చచ్చి పడి ఉండాలి. నరసమ్మ అప్పటికే ముక్కు చీదుతోంది.

సుబ్బయ్య తలుపు తోశాడు. లోపల ఎవరూ లేరు. వెనక తెర కొంచెం తొలగి ఉంది, అవతల రోడ్డు కనిపిస్తోంది. సుబ్బయ్య మాట మరిచి తాళంచెవి పట్టుకొని నిలబడిపోయాడు. జనం కొత్త ముగింపు అనుకొని చప్పట్లు కొట్టారు.

నరసమ్మ రంగం మీదికే పరుగెత్తుకొచ్చింది. రక్తం కక్కలేదు. ఆమెకేమీ కాలేదు.

మంచం మీద దర్జీ కత్తెర, దాని పక్కన ఆమె సాయంత్రం బిగించిన జడ, కుచ్చులూ వాడని కనకాంబరాలూ అలాగే ఉన్నాయి.