కంట్రోలు అని రాసిన ట్యూబు

నేను ఒక రక్తం ట్యూబుని. పసుపు మూత, వేలెడంత పొడుగు, అడుగున కాస్త జిగురు. ఫ్యాక్టరీలో నాలోని గాలంతా పీల్చేసి మూత బిగించారు. లోపల ఏమీ లేకపోవడమే నా గొప్పతనమట! మనుషుల్లో అలాంటివాళ్లని ఏమంటారో మీకు తెలుసు. సూది గుచ్చగానే రక్తాన్ని సర్రున లాక్కోవడానికే నన్నలా ఖాళీగా ఉంచారు. అందాకా నాకు కుదురుండదు. అట్టపెట్టెలో వందమందితో లారీ ఎక్కి, గోదాములో మూడు నెలలు పడుండి, చివరికి కృష్ణ ఒడ్డున ఓ క్యాన్సరు ఆస్పత్రి ల్యాబుకి చేరాను.

అక్కడ సీనియర్ టెక్నీషియను దీవెనమ్మ. యాభై ఆరేళ్లు, ముప్ఫయ్యేళ్ల సర్వీసు. పేషెంట్ల ముందు భలే గట్టి మనిషి. "సూదికే భయపడితే ఎలాగమ్మా? పిల్లల్ని కనలేదూ?" అని దబాయించి, ఆ మాట పూర్తయ్యేలోపే రక్తం తీసేసేది.

ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్లాక ఆవిడ తలుపు దగ్గరగా వేసి నన్ను చేతిలోకి తీసుకుంది. ఎవరి రక్తమో అనుకున్నాను. కాదు. రబ్బరు పట్టీ ఒక కొస పళ్లతో పట్టుకుని తన ఎడమచేతికే బిగించుకుంది, తనే గుచ్చుకుంది. ముట్లుడిగి ఐదేళ్లయిన మనిషికి నెలరోజులుగా మళ్లీ మరకలు కనిపిస్తున్నాయి. ఇంట్లో చెప్పలేదు, పై అంతస్తులోనే ఉన్న ఆడవాళ్ల డాక్టరుకీ చెప్పలేదు. నాకెలా తెలుసంటారా? ఒంటరిగా ఉంటే ఆవిడ పైకే గొణుక్కుంటుంది. "సీఏ-125 చూసుకుంటే సరి. ఎక్కువుంటే అప్పుడు చూద్దాం," అంది. ఆడవాళ్లకొచ్చే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థమది. అయ్యో, ఊరందరికీ పరీక్షలు చేసే మనిషి!

పేరు రాస్తే పదిమందికీ తెలుస్తుంది. అందుకని నా మీద 'కంట్రోలు' అని రాసింది. కంట్రోలు అంటే ఎంత రావాలో ముందే తెలిసిన నమూనా. యంత్రం నిజం చెబుతోందో లేదో దాంతో సరిచూస్తారు. దానికి మనిషి పేరు అక్కర్లేదు. అరగంట నిలబెట్టి, నెత్తురు గడ్డకట్టాక నన్ను గిరగిరా తిప్పింది. పైకి తేరిన లేత పసుపు నీటిని యంత్రం గుటకేసి, పద్దెనిమిది అంది. ముప్ఫై ఐదు లోపుంటే మామూలే. "ప్రభువా, స్తోత్రం!" అని కుర్చీలో కూలబడి, క్యారేజీ విప్పి గోంగూర అన్నం ఆవురావురుమంటూ తింది.

నన్ను ఫ్రిజ్‌లో పెట్టింది. వారం అక్కడుంచి పారేస్తారు. ఆ చలిలోనూ నాకు ఒళ్లు కుదురుగా లేదు. పద్దెనిమిది నిజమే. కానీ మరకలు ఎందుకొస్తున్నాయో నన్నెవరూ అడగలేదు, అడిగినా నాకు తెలీదు.

మర్నాడు ఉదయం ల్యాబు డాక్టరు షహనాజ్ వచ్చింది. రోజూ ఆవిడ కంట్రోలు రిజిస్టరు చూసి సంతకం పెట్టాకే రిపోర్టులు బయటికెళ్తాయి. ముప్ఫయ్యేళ్లు ఆ రిజిస్టరు నింపిన దీవెనమ్మ ఆ కంగారులో ఆ సంగతే మరిచిపోయింది! యంత్రం దానంతటదే ఎక్కించిన లెక్కలో, నలభై రావాల్సిన కంట్రోలు పద్దెనిమిది చూపిస్తోంది. "యంత్రం తప్పుతోంది. రిపోర్టులన్నీ ఆపండి, ఇంజనీరుని పిలవండి," అంది డాక్టరమ్మ. కిటికీ బయట యాభైమంది. ఒకాయన భార్యకి ఆ రోజే ఆపరేషను, రిపోర్టు లేందే లోపలికి తీసుకెళ్లరు. "ఇంకా ఎంతసేపమ్మా?" అని పదిసార్లడిగాడు. దీవెనమ్మకి దొంగకి తేలు కుట్టినట్టయింది. నేను అరుద్దామంటే నోరేదీ? చెప్పవే తల్లీ, చెప్పు!

ఇంజనీరు సాయంత్రానికి గాని రాడని ఫోనొచ్చింది. అప్పుడు దీవెనమ్మ నన్ను ఫ్రిజ్‌లోంచి తీసి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది.

"యంత్రం బాగానే ఉంది మేడమ్. ఇది కంట్రోలు కాదు. నా రక్తం."

సంగతంతా విన్నాక షహనాజ్ గొంతు పెరిగింది. "పద్దెనిమిది వచ్చిందని ఊరుకున్నారా? మీరు కూడానా, దీవెనమ్మగారూ?"

"నార్మలే కదా మేడమ్..."

"కణానికి పెరగమని కబురు అందాలి, పని కాగానే ఆగాలి. గర్భసంచి క్యాన్సరులో దాని లోపలి పొరకి ఆ కబుర్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. మూడేళ్లుగా నేను పరిశోధిస్తున్న గ్రోత్ ఫ్యాక్టర్లు అవే కదా! ఇంట్లో గొడవ మొదలవగానే వీధిలోకి వినపడాలని ఏముంది? రక్తం మామూలుగానే ఉండొచ్చు. ఆ పొర ముక్క తీసి చూడాల్సిందే. లేవండి, నేనూ వస్తాను."

అసలు కంట్రోలు పెట్టించి, నలభై వచ్చాక ఆగిన రిపోర్టుల మీద గబగబా సంతకాలు పెట్టి, ఆవిణ్ణి చెయ్యిపట్టుకుని పైకి తీసుకెళ్లింది.

నన్ను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశారు. మిగిలిన రోజులు నాకు నరకం. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా ఆవిడ మొహం వెతికేదాన్ని. ఏడోరోజు తెలిసింది. క్యాన్సరే. స్కానింగులో చూస్తే గర్భసంచి దాటలేదు, ఇప్పుడే తీసేస్తే నయమయ్యే అవకాశం చాలా ఉందట. దీవెనమ్మ ఏడ్చింది, ముక్కు చీదింది, "ఆ పద్దెనిమిదిని నమ్ముకుని ఇంకో ఏడాది కూర్చునేదాన్ని మేడమ్," అంది. తరవాత కళ్లు తుడుచుకుని, ఎప్పట్లాగే వారంనాటి ట్యూబుల్ని ఎర్రసంచిలో వేసింది. నన్నూ వేసింది.

సంచి మూతి ఇంకా కట్టలేదు. కిటికీ దగ్గర ఎవరో ఒకావిడ రిపోర్టు పట్టుకుని సంబరపడుతోంది. "నార్మల్ వచ్చిందమ్మా! ఇంక ఆ ముక్క తీసే పరీక్ష ఎందుకులే, బస్సుకి టైమైంది."

దీవెనమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"నాకూ నార్మలే వచ్చిందమ్మా. ఎల్లుండి నా గర్భసంచి తీసేస్తున్నారు."

ఎవరో వచ్చి నా సంచిని పైకెత్తారు. మూతి బిగించేలోపు రిపోర్టు పట్టుకున్న ఆవిడ మాట ఒక్కటే నా చెవిన పడింది.

"ఆ ముక్క తీసేది ఏ అంతస్తులోనమ్మా?"