బల్ల దాకా పదకొండు కిలోమీటర్లు

ఆ గురువారం సాయంత్రం ఇంట్లో ఉన్నవాళ్లు ఆరుగురు. పండగలకూ చావులకూ తప్ప తెరవని ముందుగదిలో యాకోమీనా భర్త క్రైన్, అతని తల్లి పీటర్నెలా, చర్చి సంఘం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. ఆ ఇద్దరిలో ముసలాయన మరీనుస్, కొత్తగా ఎన్నికైనవాడు ఇజాక్. మేడమీద పాఠం ముందేసుకుని పధ్నాలుగేళ్ల కూతురు దీనా. వంటింట్లో యాకోమీనా. లెక్కపెట్టమంటే క్రైన్ మాత్రం ఐదుగురనే చెప్పేవాడు. వంటింట్లో ఉన్న మనిషిని లెక్కలో మరిచిపోవడం అతనికి అలవాటు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు.

యాకోమీనా పని నుంచి వచ్చి ఇంకా అరగంట కాలేదు. తడిసిన కోటు కుర్చీ మీద ఆరేసి, జుట్టు చేత్తోనే సరిచేసుకుని, బీరువాలోంచి మంచి కప్పులు తీసి తుడుస్తోంది. దాల్చినచెక్క పాకం చుట్టిన తీపి రొట్టెలు, బోలుసులు, పొద్దున్నే తెల్లవారకముందు చేసిపెట్టింది. ఏడాదికొకసారి పెద్దలు ప్రతి ఇంటికీ వస్తారు. డాక్టరు కడుపు ఎలా ఉందని అడిగినట్టు వీళ్లు ఆత్మ ఎలా ఉందని అడుగుతారు. పదిహేనేళ్లుగా వాళ్లు వచ్చిన ప్రతిసారీ ఆమె కాఫీ పోసింది, తలొంచుకుంది, కప్పులు కడిగింది. ఈసారి మాత్రం చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది ఈ సాయంత్రమే చెప్పాలి. ఎల్లుండి గడిస్తే ఆదివారం, ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల.

మూడు నెలలకొకసారి చర్చి ముందుభాగంలో పొడవాటి బల్ల వేసి తెల్లటి గుడ్డ పరుస్తారు. రొట్టె, ద్రాక్షారసం పెడతారు. ఆరువందల మంది ఉన్న ఆ సంఘంలో లేచి వెళ్లి బల్ల దగ్గర కూర్చునేది పాతికమంది, అందరూ ముసలివాళ్లే. మిగిలినవాళ్లు బెంచీల్లోంచి చూస్తారు. దేవుడు తనను పిలిచాడని గుండె మీద చెయ్యేసి చెప్పగలిగితేనే లేవాలి. చాలామందికి అంత ధైర్యం ఉండదు. చిన్నప్పుడు యాకోమీనా ఆ పాతికమంది చేతులకేసి చూసేది, వాళ్ల చేతులు వేరేగా ఉంటాయేమోనని. ద్రాక్షారసం వాసన ఆడవాళ్ల టోపీల మీదుగా వెనక బెంచీ దాకా వచ్చేది. ఇంట్లో రోజూ రొట్టె కోసేది తనే. భర్తకు, కూతురికి, అత్తగారికి, మధ్యాహ్నానికి డబ్బాల్లోకి. చేతిలోంచి వెళ్లిన ముక్కలకు లెక్కే లేదు. అయినా అక్కడి ఆ ఒక్క ముక్క కోసం ఆకలి మాత్రం పెళ్లికి ముందు నుంచీ అలాగే ఉండిపోయింది, భోజనం చేసి లేచినా తీరకుండా.

మంగళవారం భోజనమయ్యాక ఆ మాట ఇంట్లో బయటపెట్టింది. క్రైన్ బైబిల్లోంచి వాక్యం చదవడం ముగించి పుస్తకం మూశాడు. ప్రతి భోజనం తర్వాతా అతను ఒక అధ్యాయం చదువుతాడు, ఆ లోపల పళ్లేల్లో పులుసు గట్టిపడుతుంది, దాన్ని గోకేది ఆమె.

"ఆదివారం నేను బల్ల దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను," అంది.

"ఎవరు?"

"నేనే."

క్రైన్ నవ్వబోయి ఆగాడు. "నేను బెంచీలో కూర్చుని ఉంటే నువ్వు లేచి వెళ్తావా? రేపు పనిలో, ఉల్లిపాయల షెడ్డులో, నా మొహం ఎలా చూపించను? పెళ్లాం పరలోకానికి, మొగుడు ఆవిడ చేతిసంచీ కాపలాకి అంటారు."

అత్తగారు మాత్రం నవ్వలేదు. "ఎక్కడ దొరికాడమ్మా నీకు దేవుడు?" అని అడిగింది.

అబద్ధం చెప్పడం చేతకాక, "కరకట్ట మీద, పనికి వెళ్తుంటే," అంది యాకోమీనా.

"నలభై ఏళ్లుగా అడుగుతున్నాను నేను. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయి. నాకు దొరకని దేవుడు నీకు సైకిల్ మీద దొరికాడా?"

ఆ మాటలో వెటకారం కంటే వేరేదేదో ఎక్కువ ఉంది. అదేమిటో అప్పుడు ఆలోచించే తీరిక లేదు, పళ్లేలు ఎండిపోతున్నాయి.

పట్నంలోని వృద్ధాశ్రమానికి కరకట్ట మీదుగా పదకొండు కిలోమీటర్లు. తొమ్మిదేళ్లుగా వెళ్లేటప్పుడు పదకొండు, వచ్చేటప్పుడు పదకొండు. కారు కొన్నప్పుడు అది క్రైన్‌కి అవసరమైంది, ఆమెకు సైకిల్ చాలన్నారు. జాలిపడినవాళ్లూ ఉన్నారు, ఎండావానల్లో పాపం అని. ఆ దారి ఆమెకు ఏమిటో వాళ్లకు తెలియదు. ఇంట్లో ప్రార్థన క్రైన్‌ది, పైకి, అందరి తరఫునా. ఆశ్రమంలో తన చేతులు ముసలివాళ్లవి, ఒళ్లు తుడవాలి, పక్కలు మార్చాలి. ఈ రెండింటి మధ్య, ఒక పక్క సముద్రం, ఒక పక్క దున్నిన పొలాలు, దారికి అడ్డం పడుకుని లేవనంటే లేవని గొర్రెలు. అక్కడ ఆమెను ఎవరూ ఏదీ అడగరు. మొదటి కిలోమీటరు ఇంటి సంగతులే మెదిలేవి, దీనా బూట్లు, అత్తగారి మాత్రలు. మూడోది దాటేసరికి అవి జారిపోయేవి. ఆ తర్వాత లోపల ఏదో మాట్లాడటం మొదలయ్యేది. దాన్ని ప్రార్థన అనవచ్చో లేదో తెలియక దానికి ఆమె పేరు పెట్టలేదు. వంగి తొక్కుతూ, నోట్లోకి గాలి కొడుతుంటే సగం సగం మాటలు. ఉన్నావా. నన్ను కూడానా. నాలాంటిదాన్ని కూడానా. ఏళ్ల తరబడి ఇవే. జవాబు లేదు. జవాబు లేకపోయినా రేపు పొద్దున మళ్లీ అడగాలనిపించేది, ఉత్తరం రాకపోయినా రోజూ పోస్టుడబ్బా తెరిచి చూసేవాళ్లలాగా.

జనవరిలో ఒక చీకటి పొద్దున గాలి మనిషిని నిలవనివ్వలేదు. నీటిపంపుల ఇల్లు దాటాక గొలుసు ఊడింది. మోకాళ్ల మీద కూర్చుని నల్లటి గ్రీజు చేతులతో దాన్ని ఎక్కించి, ఏడవడానికి కూడా టైము లేక మళ్లీ ఎక్కింది. అప్పుడు జరిగింది. అక్కడి పెద్దవాళ్లు ఎదురుగాలి రోజుల్లో పిల్లల పక్కనే సైకిల్ తొక్కుతూ ఒక చెయ్యి పిల్ల వీపు మీద వేసి తోస్తారు. బడికి వెళ్లే రోజుల్లో నాన్న అలాగే తోసేవాడు. నాన్న పోయి ఇరవై ఏళ్లు. ఆ పొద్దున రెండు భుజాల మధ్య అదే చోట అదే చెయ్యి. గాలి ఏమాత్రం తగ్గలేదు, కాళ్లు అలాగే లాగాయి, పనికి పది నిమిషాలు ఆలస్యమైంది, పెద్ద నర్సు మాట అంది. కానీ ఆ రోజు నుంచి ఆమె అడగడం మానేసింది. అడగవలసిన అవసరం లేకపోయింది.

ఇది పెద్దలకు ఎలా చెప్పాలి? ఆ సంఘంలో చెప్పుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు పాపభారం, తర్వాత నిద్రలేని నిరాశ, చివర ఒక వాక్యం వచ్చి గుండెలో దిగడం. ఆ వరుసలో రానిది వచ్చినట్టు కాదు.

పళ్లెం పట్టుకుని ఆమె ముందుగదిలోకి వెళ్లేసరికి క్రైన్ వంతు అయిపోయింది. "ఆశ ఉందండీ, ధైర్యం లేదు," అన్నాడట. మంచి జవాబే, అందరూ చెప్పేదే. అత్తగారు జేబురుమాలు మడతపెడుతోంది, ఆమె వంతు కూడా అయినట్టుంది.

"మరి మీ ఇంటావిడ?" అన్నాడు మరీనుస్, బోలుసు తుంపుకుంటూ, క్రైన్‌కేసి చూసి.

"ఆవిడదీ నాలాగేనండీ."

యాకోమీనా ఇజాక్ కప్పులో కాఫీ పోస్తోంది. పోయడం పూర్తిచేసి, పాత్ర కింద పెట్టి, "నాది అలా కాదు," అంది.

ఆమె చెప్పింది. గాలి, గొలుసు, చెయ్యి. వరుస లేకుండా, గ్రీజుతో సహా. చెప్తుంటే తన గొంతు తనకే కొత్తగా ఉంది, ఆ గదిలో అదెప్పుడూ అంతసేపు వినబడలేదు మరి.

మరీనుస్ పాకం అంటిన వేళ్లు తుడుచుకున్నాడు. "ఏ వాక్యం వచ్చిందమ్మా నీకు?"

"వాక్యం రాలేదండీ. చెయ్యే వచ్చింది."

"చెయ్యి ఎవరైనా అనుకోవచ్చు. చలికి ఒళ్లు కొయ్యబారితే చాలా అనిపిస్తాయి." ఆయన గొంతులో కోపం లేదు, ఓపిక ఉంది. "పని చెయ్యకూడని ఆదివారాలు కూడా నువ్వు సైకిల్ మీద పనికి వెళ్తావని విన్నాను."

"డ్యూటీ ఉన్నప్పుడండీ. ముసలివాళ్లు ఆదివారం కూడా పక్క తడుపుతారు."

ఇజాక్ నవ్వు ఆపుకోవడానికి కప్పు ఎత్తాడు.

"దయగల పని తప్పని అనను. కాని చర్చికి నడిచివెళ్లేవాళ్లకు సైకిల్ కనబడుతుంది, దయ కనబడదు."

"నేనూ చెప్పానండీ," అన్నాడు క్రైన్. "వెనక దారిన పొమ్మన్నాను. జనం బయల్దేరకముందే పొమ్మన్నాను."

ఇజాక్ కప్పు దించి, మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగాడు. "ఆ చెయ్యి తోసిందా, ఊరికే ఉందా?"

యాకోమీనా ఆలోచించింది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. "ఊరికే ఉంది. తొక్కింది నేనే."

అతను తలూపాడు. మరీనుస్ అతనికేసి చూడగానే ఆ ఊపడం ఆగిపోయింది.

"నువ్వు కాసేపు వంటింట్లో ఉండమ్మా," అన్నాడు మరీనుస్. "మేం మాట్లాడుకుంటాం. తొందరేముంది, వచ్చే ఏడాది మళ్లీ వస్తాం కదా."

"వెళ్లు. ఏమనుకున్నదీ తర్వాత చెప్తాను," అన్నాడు క్రైన్.

ఖాళీ కప్పులు పళ్లెంలోకి ఎత్తుకుని ఆమె గుమ్మం దాకా వెళ్లింది. కాళ్లకు ఆ దారి అలవాటే. గుమ్మం దాటాక ఎందుకో ఆగి వెనక్కి తిరిగింది.

"నేను అడగడానికి రాలేదండీ. బల్లకు వచ్చేవాళ్లు పెద్దలకు ముందుగా చెప్పాలన్నది నియమం కాబట్టి చెప్పాను. ఆదివారం నేను లేస్తాను."

"యాకోమీనా," అన్నాడు క్రైన్.

అప్పుడు లేచింది పీటర్నెలా. అతిథులు ఉండగా కుర్చీలోంచి లేవని మనిషి, కర్ర కూడా తీసుకోకుండా, బల్ల అంచూ బీరువా అంచూ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆమె కళ్ల చుట్టూ ఎర్రగా ఉంది. తలుపు మీద చెయ్యేసి, కోడలికి మాత్రమే వినబడేలా అంది.

"చర్చిలో మన వరస చివర కూర్చునేది నేను. నువ్వు బల్ల దగ్గరికి వెళ్లాలంటే నన్ను దాటి వెళ్లాలి."

"అవును అత్తయ్యా."

"నలభై ఏళ్లుగా నేను లేవలేని చోటు అది."

యాకోమీనా ఆ ముఖంలోకి చూసింది. ఆ ఆకలి తనకు తెలుసు, తనదాని కంటే పాతది, తనదాని కంటే ఒంటరిది. జాలి వేసింది, ఆగిపోవాలని మాత్రం అనిపించలేదు.

"అయితే ఆదివారం కాస్త మోకాళ్లు పక్కకు జరపండి అత్తయ్యా. లేదా మీరూ లేవండి."

పీటర్నెలా ముందుగదిలోనే ఉండిపోయి, కోడలికీ తనకూ మధ్య తలుపు మూసేసింది.