మంచు పట్టిన స్ఫటికం

నేను ఒక గొట్టాన్ని. హైదరాబాదులో ఒక ప్రయోగశాల ఎక్స్‌రే యంత్రంలో ఉండేదాన్ని. ఇప్పుడు మెట్ల కింద విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. ఉంటే ఉన్నాను, ఎవడిక్కావాలి?

నా పని ఊదడం. ఎక్స్‌రే తగిలితే ప్రోటీన్ స్ఫటికం పాడైపోతుంది. అది తట్టుకోవాలని దాని మీద గడ్డకట్టించే నైట్రోజన్ గాలి ఊదుతాను. ఆ గాలిలోకి గది గాలి దూరిందా, అందులోని తేమంతా స్ఫటికం మీద మంచై కూర్చుంటుంది. ప్రోటీన్ చుక్కలు పడాల్సిన ఎక్స్‌రే బొమ్మలో మంచు వలయాలు పడతాయి. ఇక ఆ కొలతలు కొలతలు కావు.

చాలా చేతులు మారాను. ఒకాయన నా పక్కన ఫోటోలు దిగి ప్రొఫెసరయ్యాడు, మళ్లీ నా మొహం చూడలేదు. చివరికి సువార్త చేతిలో పడ్డాను. ఫెలోషిప్ అయిపోవస్తున్న పిల్ల. పెంచిన స్ఫటికాలన్నీ చితికిపోగా ఒక్కటే మిగిలింది. అదీ పోతే డాక్టరేట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

దాన్ని నా ముందు నిలబెట్టిన రోజే ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు చూపించడానికి యంత్రం తలుపు తెరిచే ఉంచారు. మే నెల ఉక్క. ఆయన నుదురు తుడుచుకున్నాడు. ఇంకేముంది!

"యాదగిరీ, సార్‌కు చెమటలు పడుతుంటే కనబడట్లేదా? స్టాండు ఫ్యాన్ పట్రా" అన్నారు సువార్త గైడు భాస్కరశర్మ గారు.

"మేడం వద్దన్నది సార్, గాలి తగలొద్దంట" అన్నాడు అటెండరు యాదగిరి.

"అతిథిని ఉడకబెట్టి పంపమంటావా?"

"సార్, మంచు పట్టుద్దండి..." అంది సువార్త.

"కాసేపే కదమ్మా."

ఫ్యాను తిరిగింది. పెద్దాయన టీ తాగాడు. నేను ఊదుతూనే ఉన్నాను, స్ఫటికం తెల్లబడుతూనే ఉంది. తలుపు మూసి బొమ్మ తీస్తే తెర నిండా వలయాలు. "ఎంత అందంగా ఉన్నాయండీ!" అని పెద్దాయన చప్పట్లు కొట్టి, శాలువా కప్పించుకుని వెళ్లాడు.

మంచు దులపబోతే స్ఫటికం పగిలింది.

"గొట్టం పాతదైపోయిందమ్మా, దానివల్లే. తీసి పారేయ్" అన్నారు శర్మగారు. ఫెలోషిప్ పొడిగించాలంటే ఆయన సంతకం కావాలి.

"అవునండి, గొట్టానిదే" అంది సువార్త.

నాకు కోపం రాలేదు. రావడానికి లోపల ఏదో ఒకటి ఉండాలిగా.

నేను వేడెక్కేదాకా కూడా ఆగలేదు, ఒట్టి చేత్తోనే విప్పింది. వేలి చర్మం నా మూతికి అతుక్కుంది. లాగేసుకుంది.

"అయ్యో, నెత్తురొస్తున్నది! నొస్తలేదా మేడం?" అన్నాడు యాదగిరి.

సువార్త వేలు చూసుకుంది.

"తెలీట్లేదు" అంది.