ఏటి గేటుకి రెండో చెయ్యి

గేటాయన వేళ్లతో గ్రీజు తీసి గేటు ఎత్తే స్క్రూ రాడ్డు మరల్లోకి దట్టంగా పూస్తున్నాడు. ఎండెక్కకముందే అయిపోవాలి ఆ పని. ఆనకట్ట మీద సన్నటి ఇనుప వంతెన, దాని కింద రెండు గేట్లు. ఒకటి పొలాల కాలువకి, ఒకటి దిగువన ఏట్లోకి. చేతికంటిన గ్రీజుని అతను పారెయ్యడు, మోకాళ్లకి రాసుకుంటాడు. భార్య ఎన్ని తిట్టినా ఆ అలవాటు పోలేదు. "గేటుకి పనిచేసింది నాకు పనిచెయ్యదా?" అంటాడు. దానికి ఆవిడ చెప్పే జవాబు ఇక్కడ రాసేది కాదు.

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి జారింది. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంట్లో కూడా లేరు. నీళ్లొస్తే వాన చలవ, రాకపోతే గేటాయన నిర్వాకం. ఆ మాటలకి అతను నొచ్చుకోవడం ఎప్పుడో మానేశాడు.

ఆ చక్రం ఒక్కడు తిప్పేది కాదు. అటో పిడి, ఇటో పిడి. రెండో మనిషిని వేస్తామని ఆఫీసువాళ్లు అంటూనే ఉన్నారు, గేటాయన జుట్టు నెరిసిపోయింది. అందుకని అక్కడ ఒక పద్ధతి పడిపోయింది. గేటు తాళం తీసిన చప్పుడు వినబడితే గట్టు మీద ఉన్న రైతెవరో పిలవకుండానే వచ్చి చెయ్యి వేస్తాడు. ఎక్కువగా వచ్చేది బావే, అంటే అక్క మొగుడు. కాలువ మొదట్లోనే అతని చేను. పెళ్లి సంబంధాలూ, అక్క మీద ఫిర్యాదులూ, పళ్లు ఊడిన సంగతులూ, ఆ ఇద్దరూ మాట్లాడుకున్నదంతా ఆ చక్రానికి చెరోవైపు నిలబడే.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. ఆనకట్ట పైన ఉన్నవి కాసిని నీళ్లు. చేలల్లో గింజ పాలు పోసుకుంటోంది, ఇంకొక్క తడి పడకపోతే తాలే మిగులుతుంది. దిగువన ఏరు ఎండి చేపలు కుళ్లాయి, బావుల్లోకి ఉప్పునీరు చేరింది. ఏటిని కాపాడాలనే సంఘంవాళ్లు కోర్టుకి వెళ్లారు. ఇవాళ సాయంత్రం దాకా కాలువ మూసి ఏటి గేటు ఎత్తి ఉంచమని కోర్టు చెప్పింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. గేటాయనకి ఆ రెండూ పొద్దున్నే గట్టెక్కి ఎదురుగా నిలబడ్డాయి.

ఒకవైపు రైతులు. ఇంకోవైపు గొడుగుల కింద సంఘంవాళ్లు, వాళ్లతో ఓ అమ్మాయి. ఏట్లో కొంగల కోసం తిరుగుతుందని రైతులు ఆమెకి కొంగల మేడం అని పేరు పెట్టారు. మధ్యలో జీపు నీడన ఇద్దరు కానిస్టేబుళ్లు.

కాలువ గేటు తేలికది, కాస్త పట్టు విడిస్తే తన బరువుకే దిగిపోతుంది. ఏటి గేటు అలా కాదు, ఎత్తాలన్నా దించాలన్నా ఇద్దరు కావాలి. దాన్ని దించి గేటాయన బావ దగ్గరికి వెళ్లాడు.

"బావా, ఓ చెయ్యి వెయ్యి."

"నా చేను ఎండగట్టడానికి నేనే చెయ్యి వెయ్యాలా? మీ అక్క పొద్దున్నుంచి పొయ్యి వెలిగించలేదు, తెలుసా?"

"కోర్టు చెప్పింది కదా. నేను ఎత్తకపోతే ఇంకెవణ్ణో పెట్టి ఎత్తిస్తారు."

"ఎత్తనీ. వాడు నా బావమరిది కాడుగా."

ఆ మాట గేటాయనకి సూటిగా తగిలింది. బరువు సంగతి తర్వాత. ఈ మనిషి ఇవాళ రాకపోతే, ఇక అక్క గుమ్మం తొక్కడం తన వల్ల కాదు. బావ మొహం తిప్పుకున్నాడు.

కానిస్టేబుళ్లని అడిగితే గొడవ ఆపడమే తమ డ్యూటీ అనీ, ఇనుము ఎత్తడం కాదనీ చెప్పారు. కొంగల మేడం మాత్రం వంతెన దాకా వచ్చింది.

"నేను పట్టుకుంటాను బాబాయ్."

రైతుల్లో ఇద్దరు అప్పుడే లేచి నిలబడ్డారు. గేటాయన అది చూశాడు.

"వద్దమ్మా. నువ్వు చెయ్యి వేస్తే ఇక్కడ తలలు పగులుతాయి."

"ఒక్కరే ఎలా తిప్పుతారు?"

"తిరుగుతుందిలే. మొండిదే గాని, మాట వింటుంది. నువ్వెళ్లి నీడన కూర్చో."

ఖాకీ చొక్కా విప్పి, రేపూ అదే వేసుకోవాలి గనక నలగకుండా మడిచి, వంతెన కమ్మీ మీద పెట్టాడు. పిడి పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వేశాడు. చక్రం కదల్లేదు. కాలు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. ఈసారి మూలిగి కాస్త తిరిగింది. లాగడం, పిడిని రొమ్ముతో ఆపుకుని ఊపిరి తీసుకోవడం, మళ్లీ లాగడం. కిందినుంచి ముందు బురద ఊటలా వచ్చింది, తర్వాత నీళ్లు హోరుమన్నాయి. బావ ఒకసారి సగం లేచి, చుట్టూ ఉన్నవాళ్లని చూసి, సిగ్గుపడి కూర్చుండిపోయాడు.

గేటు గుర్తు దాకా లేచాక గేటాయన వంతెన చివర షెడ్డు నీడకి జరిగి, స్తంభానికి ఆనుకుని, తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. అలిసిపోయాడు, కాస్త పడుకోనీ అనుకున్నారు అందరూ. సంఘంవాళ్లు నీళ్ల వెంబడి ఏట్లోకి దిగిపోయారు. రైతులు తిట్టుకుంటూ ఇళ్లకి పోయారు. కానిస్టేబుళ్లు జీపులో కునుకు తీశారు.

బావ మాత్రం ఎటూ పోలేదు. వాడే లేచి వచ్చి పలకరిస్తాడులే, అప్పుడు నాలుగు దులిపి ఇంటికి తీసుకెళదాం అనుకుని బింకంగా కూర్చున్నాడు. పిలిస్తే పలికేంత దూరం. మధ్యాహ్నమంతా అలాగే కూర్చున్నాడు, పిలవలేదు.

పొద్దు వాలింది. గేటు దించే వేళ దాటిపోతోంది. చివరికి తనే తగ్గి వంతెన మీదికి వచ్చాడు.

"లేవరా. నీ కోర్టువారి టైమయింది. పద, చెయ్యి వేస్తాలే."

గేటాయన లేవలేదు. బావ తువ్వాలు తీశాడు. భుజం పట్టి కుదిపాడు. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది.

గేటాయన్ని కానిస్టేబుళ్లు జీపులో ఎక్కించుకుని తీసుకుపోయారు. బావ వెంట వెళ్లలేదు. పెళ్లానికి ఏమని చెప్పాలో తెలియక, చక్రం దగ్గరికి వెళ్లి తన వైపు పిడి పట్టుకుని తొయ్యబోయాడు. అది కదల్లేదు. "పలకరిస్తే నీ సొమ్మేం పోయిందిరా" అని పైకే తిట్టుకుంటూ ఏడ్చాడు. తిట్టింది ఎవర్నో అతనికే తెలియలేదు. కింద నీళ్లు పోతూనే ఉన్నాయి. కమ్మీ మీద ఖాకీ చొక్కా, గేటాయన పెట్టిన మడత పెట్టినట్టే ఉంది.